వర్జ్యంలో ప్రయాణం

కందకంలో మా గది నేల అలుకుతున్నాను. ఎర్రమట్టిలో పేడ కలిపి, మోకాళ్ల మీద వెనక్కి జరుగుతూ, అరచేత్తో అర్ధచంద్రాలు తీసుకుంటూ గుమ్మం దాకా వచ్చేసరికి తమ్ముడు ఓబులేసు తడినేల మీద కాలు పెట్టబోయి ఆగాడు.

"లోపలికెట్టా రావాలక్కా?"

"ఎగిరి రా."

రెక్కలు లేవు కనుక గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. వాడికి ఇరవై రెండేళ్లు. ధవళకూట మహాసైన్యంలో ముందు వరస. ముందు వరస అంటే ఎదుటివాళ్ల బాణం ముందుగా తగిలే వరస. బిరుదులూ శాలువాలూ వెనక వరసల్లో ఉంటాయి.

"ఈరోజు జాడీ మోసేవాళ్లలో నన్నూ వేశారు," అన్నాడు.

నా చెయ్యి నేల మీద ఆగిపోయింది. అర్ధచంద్రం సగంలో చెడింది.

ఆ జాడీ సంగతి చెప్పాలంటే ముందు మా యుద్ధం సంగతి చెప్పాలి. ఎక్కువసేపు పట్టదు. పదకొండేళ్లలో జరిగింది చాలా తక్కువ.

ధవళకూటానికీ మకరకేతనానికీ యుద్ధం మొదలైన మొదటి రెండు నెలలూ చూడముచ్చటగా ఉండేదట. బంగారు అంబారీలు, ముత్యాల గొడుగులు, మబ్బుల్ని తాకే జెండాలు. ఆ రెండు నెలల మీద మా ఆస్థాన కవులు పన్నెండు కావ్యాలు రాశారు. మూడో నెలలో వాన పడింది. ఏనుగులు బురదలో కడుపు దాకా దిగబడ్డాయి. బాణాలు తప్పించుకోవడానికి, నాలుగు రోజుల కోసమని, రెండు సేనలూ గుంతలు తవ్వుకున్నాయి. ఆ నాలుగు రోజులే ఇంకా నడుస్తున్నాయి. గుంతలు కలిసి కందకాలయ్యాయి. కందకాల్లో గదులు వెలిశాయి, గదుల్లో గూళ్లు, గూళ్లలో దీపాలు, గట్ల మీద చిక్కుడు పాదులు. మూడో ఏట మేం పన్నెండు బారలు ముందుకు వెళ్లాం. రాజధానిలో దీపోత్సవం చేశారు. నాలుగో ఏట పధ్నాలుగు బారలు వెనక్కి వచ్చాం. ప్రమిదలు అప్పటికే తోమి పెట్టారు కనుక అప్పుడూ చేశారు.

యుద్ధం దేనికోసమని అడిగితే పాత సైనికులు ఒక తెల్లగుర్రం కోసమంటారు. ఒకాయన మాత్రం అది గుర్రం కాదు, గాడిదేనని ఒట్టు వేసి చెప్పాడు.

నా పెనిమిటి అయిదో ఏట పోయాడు. శత్రువు చేతిలో కాదు, వానకు నానిన మా కందకం గోడే మీద పడింది. రాజధానిలో వేసిన శిలాశాసనంలో 'వేయిమందిని తునుమాడి వీరస్వర్గమలంకరించిన' అని చెక్కారు. కోడిని కోయాలన్నా ఆయన నన్నే పిలిచేవాడు.

ఆ తర్వాత నన్ను ఊరికి పంపేయాలి. పంపలేదు. దండులో పంచాంగం చదివే సిద్ధాంతికి కళ్లలో పువ్వు పడి చూపు పోయింది, ఆయన తర్వాత చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా ఊరి వీధిబడిలో పిల్లలకు మంచినీళ్లు పోయడానికి పెట్టుకుంటే, పోస్తూ పోస్తూ నేర్చుకున్న చదువు అది. రోజూ పొద్దున్నే సేనాపతి రణభీకరవర్మగారికి పంచాంగం చదివి వినిపించేది నేనే. ఏ వేళ దాడికి మంచిది, ఏ వేళ కాదు, అన్నీ అందులో ఉంటాయి. మా ఇద్దరి మధ్యా నల్ల కంబళి ఒకటి కడతారు. పొద్దున్నే విధవ ముఖం చూడకూడదు కదా. నా గొంతు శుభం, ముఖం అశుభం. అయిదేళ్లుగా ఇలాగే సర్దుకుపోతున్నాం.

దాడికి బయల్దేరే రోజున మాత్రం నన్ను గదిలో పెట్టి గడియ వేస్తారు. ఆ ముచ్చట తర్వాత చెబుతాను.

ఇక జాడీ. ఈ మధ్య రాజుగారు మా దండుకు ఘోరాక్షుడనే మాంత్రికుణ్ణి పంపారు. కొండ కింద నల్లరాతి గుహలో ఆయన మకాం. పాము కుబుసాల తోరణాల నడుమ ఏడు నోళ్ల పొయ్యి, దాని మీద ఏనుగు పట్టేంత గంగాళం. మంట పాదాల దగ్గర నీలం, నడుము దగ్గర పసుపు, తల దగ్గర రక్తవర్ణం. గంగాళంలోంచి లేచే పొగను ఆయన మట్టి జాడీల్లో పట్టి మైనంతో మూతలు బిగించాడు. ఆ పొగ తగిలిన చెట్టు ఆకు రాల్చదు, నిలబడ్డచోటే నల్లబడుతుంది. ఆ మీదుగా ఎగిరిన పిట్ట కూత సగంలో ఆగిపోతుంది. దాన్ని తయారుచేయడంలో ఆయన గడ్డమూ కనుబొమలూ పోయాయి, దగ్గు మిగిలింది. దగ్గు మంత్రానికి అడ్డొస్తుంది కనుక ఆయన ప్రతి మంత్రాన్నీ రెండుసార్లు చదువుతాడు.

ఆ జాడీల్లో ఒకటి మా ఓబులేసు నెత్తిన పెట్టి మైదానం మధ్యదాకా నడిపిస్తారు. అక్కడ పగలగొట్టాలి. ముహూర్తం ఈరోజే.

"పొగాకు నములుతున్నావేందిరా? యాడిది?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"అవతలోళ్లది. మనం చింతపండు విసిరితే వాళ్లు పొగాకు విసురుతారు. ఎప్పుడూ వర్జ్యంలోనేలే."

వర్జ్యమంటే ఏ పనీ మొదలుపెట్టకూడని చెడు వేళ. ఆ వేళ మేం బాణం వేయం. బాణం వేయడమూ ఒక పనే. అవతలివాళ్లూ సరిగ్గా అప్పుడే ఆపేస్తారు. అది వాళ్ల బద్ధకమని మేం పదకొండేళ్లుగా నవ్వుకుంటున్నాం.

"వాళ్లకీ జాడీలొచ్చాయంట," అన్నాడు ఓబులేసు. "నిన్న వర్జ్యంలో పొగాకు విసిరేటోడు అరిచి చెప్పాడు. ముక్కులకు తడిగుడ్డలు కట్టుకోమన్నారంట. మనకీ అదే చెప్పారు గదా."

పొగాకు కట్టకు చుట్టిన తాటాకు నా చేతికిచ్చాడు, పొయ్యిలో వేయమని. అలవాటు కొద్దీ చదివాను. కిందటేటి ఆషాఢమాసం. తిథులు, వర్జ్యాలు, దాడికి మంచి వేళలు. అక్షరాల తలకట్లు పిట్ట ముక్కుల్లా పైకి లేచి ఉన్నాయి. రోజూ పొద్దున్నే నేను చదివే చేతిరాత అది. అందులో ఉన్న వేళలు కూడా నేను చదివినవే. కిందటి ఆషాఢంలో ఆ వేళకే మేం దాడికి బయల్దేరాం. వాళ్లూ బయల్దేరారు. మైదానం నడిమధ్యన కొట్టుకుని, నూటయాభైమందిని అక్కడే వదిలేసి, అన్నం వేళకు ఎవరి గుంతలోకి వాళ్లం చేరాం. శత్రువు మన రహస్యం ఎలా కనిపెట్టాడని నెల్లాళ్లు గూఢచారుల్ని వెతికారు. నలుగురు దొరికారు కూడా.

రెండు సేనలదీ ఒకటే పంచాంగం. ఈరోజు ముహూర్తమూ ఒకటే. ఒకే వేళకు రెండు వైపులా జాడీలు పగిలితే మైదానానికి అటూ ఇటూ ఊపిరి ఉన్నది ఏదీ మిగలదు. మొదట మిగలనివాడు నా గుమ్మంలో కూర్చుని పొగాకు నములుతున్నాడు.

సేనాపతి గుడారానికి పరిగెత్తాను. కంబళి ఇవతల నిలబడ్డాను.

"ప్రభూ, అవతలివాళ్ల దగ్గరా ఇదే పంచాంగం ఉంది."

కంబళి అవతల తమలపాకు నమిలే చప్పుడు ఆగింది. "వాళ్లకు చదువెక్కడిది?"

"వీధిబడి ఉంటే చాలు ప్రభూ. నాకున్నదీ అంతే."

"ఒకే వేళ ఇద్దరికీ ఎలా మంచిదవుతుంది? మనకు మంచిదైతే వాళ్లకు చెడ్డది. అది శాస్త్రం."

"మరి పదకొండేళ్లుగా..."

"ఆలస్యంగా ఫలించే మంచి కూడా ఉంటుంది."

పక్కనుంచి ఘోరాక్షుడు దగ్గాడు. "గాలి నా మాట... నా మాట వింటుంది. పొగ అటే పోతుంది."

"వాళ్ల మాంత్రికుడి మాట కూడా వింటే, స్వామీ?"

"వాడా? వాడు నాతో చదువుకున్నవాడే. వాడికి గాలి మంత్రం సగమే వచ్చు."

"మీకు, స్వామీ?"

చాలాసేపు దగ్గాడు. "మిగతా సగం."

రణభీకరవర్మగారు తమలపాకు మళ్లీ నమలడం మొదలుపెట్టారు. "ముహూర్తం దగ్గర పడింది. ఆమెను గదిలో పెట్టండి. ఈరోజు గొంతు కూడా బాగాలేదు."

కావలివాడు నన్ను గదిలోకి నెట్టాడు. అదే సమయానికి వర్జ్యం మొదలైనట్టు గంట మోగింది. వర్జ్యం నాలుగు ఘడియలు. అది పోయిన రెండు ఘడియలకు ముహూర్తం. ఉన్న వ్యవధి అంతే.

తప్పించుకోవాలి. మా గదిలో తూము ఉన్న మూల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, ఎన్నిసార్లు అలికినా ఆరదు. గరిటె తీసుకుని అక్కడ తవ్వడం మొదలుపెట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. అర ఘడియ గడిచేసరికి పిల్లి దూరేంత కంత పడింది. నేను పిల్లిని కాదు. చెమట తుడుచుకుంటూ వెనక్కి తిరిగితే తలుపు సందులోంచి వెలుగు పడుతోంది. వర్జ్యంలో గడియ వేయడం మంచిది కాదని కావలివాడు తలుపు దగ్గరికి మాత్రమే వేసి అన్నానికి వెళ్లిపోయాడు. నేను వెళ్లడానికి లోకమంతా తెరిచి ఉంటే కంత తవ్వుతూ కూర్చున్నాను. పొద్దున్నే అలికిన నేల కూడా పాడైంది.

ఎక్కడికి వెళ్లాలో నాకు తెలుసు. మైదానం నడిమధ్యన ఒక పెంకుటిల్లు ఉంది. అది వేదాద్రి సిద్ధాంతిగారిది. యుద్ధానికి ముందునుంచీ ఉంది. మా పంచాంగం రాసేది ఆయనే. రెండు రోజులకొకసారి మావాళ్లు పడమటి గుమ్మం ముందు బియ్యమూ కట్టెలూ పెట్టి, తాటాకులు తెచ్చుకుంటారు. ఆ ఇల్లు మాదని మా నమ్మకం. మరి శత్రువులు దాన్ని ఎందుకు తగలబెట్టరని ఎవరమూ అడగలేదు. భయపడుతున్నారని చెప్పుకున్నాం. దానికి తూర్పున కూడా ఒక గుమ్మం ఉండవచ్చని ఇంతమందిమి ఉండి ఒక్కళ్లకూ తోచలేదు.

ఆయన చేతే ముహూర్తం తప్పని చెప్పించాలి, రెండు వైపులా. అది నా ఎత్తు.

ఓబులేసు గట్టు కింద నిలబడి నన్ను పైకి ఎత్తాడు.

"జాడీ ఎత్తుకోవద్దురా."

"ఎత్తుకోకపోతే తల తీస్తారక్కా."

"అయితే మెల్లిగా ఎత్తుకో. మెల్లిగా నడువు. అందరికంటే వెనక ఉండు."

"ముందు వరస గదా, వెనక ఎట్టా ఉంటా?"

గట్టు పైకి పాకాను. మైదానం నిండా రెండు సేనలూ నాటిన దిష్టిబొమ్మలున్నాయి, దూరానికి సైన్యం ఎక్కువగా కనిపించాలని. మా సైన్యంలో క్రమశిక్షణ ఉన్నది వాటికే. ఒకదాని గడ్డి నడుముకు చుట్టుకుని, సున్నపు బొట్లు పెట్టిన మాడుకుండ నెత్తిన బోర్లించుకుని, కుండకున్న రెండు కన్నాల్లోంచి చూసుకుంటూ బయల్దేరాను. పది అడుగులు నడవడం, చేతులు చాచి నిలబడిపోవడం. మళ్లీ పది అడుగులు.

వర్జ్యంలో బాణాలు పడవనే ధైర్యంతో ఉన్నాను. మూడోసారి చేతులు చాచేసరికి చెవి పక్కన గాలి చీలింది. కుండ అంచు ఎగిరిపోయింది. అవతలి గట్టు మీద ఒక విలుకాడు దిష్టిబొమ్మల మీద గురి నేర్చుకుంటున్నాడు. వర్జ్యంలో పని మొదలుపెట్టకూడదు గాని, మొదలుపెట్టినదాన్ని ఆపాలని ఎక్కడా లేదు. వాడు ముందే మొదలుపెట్టాడు. రెండో బాణం నా నడుముకున్న గడ్డిలో దిగి ఊగింది. మూడోది కుండ నడినెత్తిన తగిలి, కుండ రెండు పెంకులై చెరో భుజం మీదా పడింది.

గడ్డి నడుముతో, మసి ముఖంతో, నోరు తెరుచుకుని మైదానంలో నిలబడ్డాను. విలుకాడు నన్ను చూశాడు. నేను వాణ్ణి చూశాను. వాడి చేతిలో బాణాలు అయిపోయాయి. పొదిలోంచి కొత్తది తీస్తే అది కొత్తగా మొదలుపెట్టడమవుతుంది. కాసేపు ఆలోచించి, విల్లు పక్కన పెట్టి, బొమ్మ కదిలిందని ఎవరికైనా చెబితే నవ్వుతారనుకున్నాడో ఏమో, గట్టు దిగి వెళ్లిపోయాడు.

పరిగెత్తాను. ఇంటికి వంద అడుగుల దూరంలో ముళ్లతీగ ఎదురైంది.

రెండో ఏట మా రాజ్యం మాంత్రికులు ఇటునుంచీ, వాళ్ల రాజ్యం మాంత్రికులు అటునుంచీ నాటిన మంత్రపు తీగ అది. వేలు మందాన రాగిరంగు కాడలు, ప్రతి కణుపుకూ పులిగోరంత ముల్లు. నాటినప్పుడు రెండు తీగలు. ఇన్నేళ్లలో అవి ఒకదాన్నొకటి అల్లుకుని, ఏది ఎవరిదో వాటికే తెలియనంతగా కలిసిపోయి, దంతపు రంగు పూలు పూసి, మనిషి ఎత్తు గోడగా నిలబడ్డాయి. పూల దగ్గర తుమ్మెదలు తిరుగుతున్నాయి. కాడల మధ్య కత్తులూ కడియాలూ కవచాలూ వేలాడుతున్నాయి, వాటిని తొడుక్కుని వచ్చినవాళ్లు కొందరు ఇంకా అందులోనే ఉన్నారు. లోహం తగిలినా, దాని చప్పుడు వినిపించినా ఆ తీగ చుట్టేస్తుంది. కత్తి మొలలో లేని సైనికుడు ఉండడు కనుక తొమ్మిదేళ్లలో దాన్ని ఎవరూ దాటలేదు. బియ్యం పెట్టేవాళ్లు కూడా పక్కనున్న సన్నటి రాతిబాట మీదుగా పోతారు, అక్కడ కాపలా ఉంటుంది.

నా ఒంటి మీద లోహమేముంది? గాజులు లేవు, మెట్టెలు లేవు, మెడలో ఏమీ లేదు. ఆ సంగతి తలుచుకుని మొదటిసారి కాస్త గర్వంగా తీగలోకి అడుగుపెట్టాను. ముళ్లు చీరను పట్టుకుని వాసన చూసినట్టు చూసి వదిలేశాయి. సగం దాటాను. అప్పుడు మెడ వెనక ఏదో చల్లగా తగిలి, కొప్పును పట్టి వెనక్కి లాగింది. కొప్పులో గంటం ఉంది. తాటాకు మీద రాసే ఇనప గంటం. పంచాంగం చదివే మనిషినని నలుగురికీ తెలియాలని రోజూ అక్కడ గుచ్చుకుంటాను. ఆ నలుగురూ నన్ను చూడరన్న సంగతి నాకు గుర్తుండదు.

తీగ గొంతు చుట్టూ ఒక చుట్టు చుట్టింది. ఊపిరి సన్నబడింది. వెనక్కి చెయ్యి పోనిచ్చి గంటం లాగి, చేతనైనంత దూరం విసిరాను. అది ఒక పాత కవచానికి తగిలి ఖణేల్మంది. తీగంతా ఒక్క ఊపున అటు మళ్లింది. నేను నాలుగు కాళ్ల మీద ఇటు బయటపడి, పెంకుటింటి పడమటి తలుపు నెట్టుకుని లోపల బొక్కబోర్లా పడ్డాను.

"ఉప్పు తెచ్చావా?" అంది ఒక గొంతు.

తలెత్తి చూశాను. డెబ్బై ఏళ్ల ముసలావిడ కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. నుదుట రేగుపండంత బొట్టు. చేతి నిండా గాజులు.

"కిందటిసారి మీవాళ్లు ఉప్పు మర్చిపోయారే. అవతలివాళ్ల ఉప్పుతో వారం రోజులు నెట్టుకొచ్చాను."

ఈవిడ సిద్ధాంతిగారి భార్య పేరిందేవమ్మగారు. తాటాకులు బయట పెట్టేటప్పుడు దూరం నుంచి మేమందరం చూసిన మనిషే.

"అమ్మగారూ, సిద్ధాంతిగారితో ఒక్క మాట చెప్పాలి. ప్రాణాల మీది సంగతి."

"జపంలో ఉన్నారు. నాకు చెప్పు."

గదిలోకి చూశాను. పీట మీద కప్పిన శాలువ, దాని ముందు పావుకోళ్లు. చూడడం తప్ప నాకు వేరే విద్య రాదు కనుక చూశాను. పావుకోళ్ల మధ్య సాలీడు గూడు కట్టింది. దండెం మీద చీరలున్నాయి, పంచె ఒక్కటీ లేదు. వంటింట్లో బోర్లించిన కంచం ఒకటే. పప్పు చేట పక్కన సగం రాసిన తాటాకు ఉంది, దాని మీద పూసిన కాటుక ఇంకా తడిగా ఉంది. అక్షరాల తలకట్లు పిట్ట ముక్కుల్లా పైకి లేచి ఉన్నాయి.

"రాసేది మీరా?" అన్నాను.

ఆవిడ ఒక రాయి ఏరి పక్కన వేసింది. "ఆరేళ్లయింది ఆయన పోయి. చితికి వాడిన కట్టెలు మీ రెండు వైపులవాళ్లూ పంపినవే. వంటకనుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే బొట్టు తీయాలి. బొట్టు తీస్తే నా చేతి పంచాంగం ఎవరు ముట్టుకుంటారు?"

"మరి ఇద్దరికీ ఒకే వేళ ఎందుకిచ్చారమ్మగారూ?"

"ఉన్న ఆకాశం ఒకటే కదే. ఆయన ఉన్నప్పుడు అమాయకంగా ఇచ్చారు, అడిగినవాళ్లకు చెప్పాలి కదా అని. ఆయన పోయాక నేను తెలిసే ఇచ్చాను. ఒకేసారి వస్తే ఎవరూ గెలవరు. ఎవరూ గెలవకపోతే విసుగుపుట్టి ఇళ్లకు పోతారనుకున్నాను." చేట కింద పెట్టింది. "మగవాళ్లకు విసుగు పుట్టదని నాకేం తెలుసు? ఆయన తెలియక చేసినదానికీ, నేను తెలివిగా చేసినదానికీ ఫలితం ఒకటే వచ్చింది."

జాడీల సంగతి చెప్పాను. ఘోరాక్షుడు, గాలి మంత్రంలో చెరి సగం, తడిగుడ్డలు, ఓబులేసు. ఆవిడ అడ్డు రాకుండా విని, "రెండు వైపులా?" అని మాత్రం అడిగింది.

"రెండు వైపులా. ముహూర్తం తప్పని ఒక ఆకు మీద రాసివ్వండి. ఇటు నేను తీసుకుపోతాను."

"ఎవరు చదువుతారు?"

మా వైపు చదివేది నేనే. నా మాట ఇందాక ఎలా విన్నారో చూశాను.

గదిలో మూల నీళ్ల గంగాళంలో రాగి గిన్నె ఒకటి తేలుతోంది. దాని అడుగున సూదిమొనంత కన్నం. ఆ కన్నంలోంచి నీళ్లు ఎక్కి గిన్నె మునిగితే ఒక ఘడియ. పేరిందేవమ్మగారు దాని వంక చూసింది. "వర్జ్యం ఎప్పుడో పోయింది. ఈ గిన్నె మునిగితే ముహూర్తం."

తీగతో పెనుగులాటలో ఎంతసేపు పోయిందో నాకు తెలియనే లేదు. అప్పటికే శంఖాలు మొదలయ్యాయి. పడమటి కిటికీలోంచి చూస్తే మా గట్టు మీద జెండాలు లేస్తున్నాయి. తూర్పు కిటికీలోంచి చూస్తే వాళ్ల గట్టు మీదా అంతే.

"ఇలాంటి రోజున నిన్ను బయట ఎలా తిరగనిచ్చారే?" అంది ఆవిడ, ఉన్నట్టుండి.

"తిరగనివ్వలేదమ్మగారూ. గదిలో పెట్టారు. ఆరో ఏట ఒకసారి ముహూర్తం సంగతి మరిచిపోయి నీళ్లకుండతో సైన్యానికి ఎదురొచ్చాను. ఎనిమిది వేలమంది, సేనాపతి, రెండు ఏనుగులు, అందరూ వెనక్కి తిరిగి కాళ్లు కడుక్కుని కూర్చున్నారు. నలభై రోజులు దాడి ఊసే లేదు. అప్పటినుంచీ..."

నవ్వుతూనే చెప్పాను. ఎప్పుడూ నవ్వుతూనే చెబుతాను. ఇప్పుడు మాత్రం ఆవిడ నవ్వలేదు. నా మెడ వంక, చేతుల వంక చూసింది. తర్వాత పడమటి తలుపు వంక, తూర్పు తలుపు వంక. నేను రోజూ పంచాంగం చదివే మనిషిని. అయినా నాకు అప్పటికీ తట్టలేదు.

పేరిందేవమ్మగారు లేచింది. గంగాళంలో చెయ్యి ముంచి నుదురు తుడుచుకుంది. బొట్టు ఒక్కసారికి పోలేదు, ఆరేళ్లు ఆలస్యమైంది కదా, రెండోసారి గట్టిగా రుద్దింది. గాజులు ఒక్కొక్కటే తీసి పావుకోళ్ల పక్కన పెట్టింది. మెడలోది తీసి వాటి మీద పెట్టింది. పైట తల మీదికి లాక్కుంది. తూర్పు తలుపు బార్లా తీసి, మకరకేతనం సైన్యానికి ఎదురుగా, పెరట్లో కూర కోసుకోవడానికి పోతున్నట్టు నడిచి వెళ్లిపోయింది.

గంగాళంలో గిన్నె అంచు దాకా దిగింది. పడమటి కిటికీలో మా సేన రాతిబాట దాటుతోంది. ముందు రణభీకరవర్మగారు, ఆయన వెనక నెత్తిన జాడీలతో ముందు వరస. ఆ వరసలో ఒకడు అందరికంటే మెల్లిగా నడుస్తున్నాడు. వెనకవాళ్లు వాణ్ణి తోస్తున్నారు.

ముఖం మీది మసి పైటకొంగుతో శుభ్రంగా తుడుచుకున్నాను. కనబడాలి కదా. సేనాపతిగారికి చెప్పాల్సిన మాటలు నా దగ్గర అయిదేళ్లవి ఉన్నాయి. కంబళి వెనకనుంచి ఆయన ప్రతి మాటా విన్నారు, ఒక్కటీ వినిపించుకోలేదు. నోరు గట్టిగా మూసుకుని పడమటి గుమ్మం దాటాను.